పుణ్యవతి సొంత గొంతు

గొంతులు దొంగల పాలవుతున్నాయని ఆ ఏడాది రాష్ట్రమంతటా గగ్గోలు పుట్టింది. కంప్యూటర్లు ఎవరి గొంతునైనా ఎత్తుకుపోయి, ఆ మనిషి జన్మలో పాడని పాట పాడిస్తున్నాయని టీవీల్లో పెద్దలు వాపోయారు. ఆ పెద్దల గొంతులు ఎవరైనా ఎత్తుకుపోతారన్న భయం లోకంలో ఎవరికీ లేకపోయినా, అందరికంటే ఎక్కువ కంగారుపడింది వాళ్ళే. ఏదో ఒకటి చెయ్యాలన్నారు. ఏదో ఒకటి చెయ్యమంటే ప్రభుత్వానికి చేతనయింది ఒక్కటే కాబట్టి అది చేసింది. ఒక మండలిని వేసింది.

దాని పేరు కంఠస్వర పరిరక్షణ మండలి. చైర్మన్‌గా కాశీభట్ల విరూపాక్షరావు గారిని నియమించారు. ఆయన పశుసంవర్ధక శాఖలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. సంగీతంతో ఆయనకు చుట్టరికమూ లేదు, పగా లేదు. అందువల్ల నిష్పక్షపాతంగా ఉంటారని పైవాళ్ళ నమ్మకం. సర్వీసులో ఉండగా ఆయన తన జిల్లాలో ప్రతి గేదె చెవికీ నంబరు బిళ్ళ కొట్టించారు.

"బిళ్ళ లేని గేదె ఎవరిదైనా కావచ్చును. బిళ్ళ ఉన్న గేదె ఒక్కరిదే కావలెను. కంఠము విషయమునందును ఇదే సూత్రము," అని ఆయన మొదటి సమావేశంలోనే సెలవిచ్చారు. సభ్యులు బల్లలు చరిచారు.

గొంతుకు బిళ్ళ ఎక్కడ కొట్టాలన్న చిక్కు ఒకటి వచ్చింది. దానికోసం విదేశం నుంచి ఒక మిషన్ తెప్పించారు. దాని ముందు ఎవరు పాడినా, మాట్లాడినా ఆ గొంతు ఎవరిదో, నూటికి ఎన్ని పాళ్ళు వాళ్ళదో గోడమీది తెరపై చూపిస్తుంది. పేరున్న గాయకులంతా వచ్చి, తమకు బాగా పేరు తెచ్చిన పాట ఒకటి దానికి వినిపించి, గొంతు నమోదు చేయించుకున్నారు. పోయినవాళ్ళ తరఫున వాళ్ళ అభిమాన సంఘాలు వచ్చాయి. ఆ తర్వాత నియమావళి రాశారు. ఏ గొంతు ఎవరిదన్న విషయంలో మిషన్ చెప్పిందే ఆఖరి మాట, మనుషుల చెవులు సాక్ష్యానికి పనికిరావు, చెవులకు బంధుప్రీతి ఉంటుంది, అన్నది అందులో ముఖ్యమైన నియమం. మండలి సభ్యులు స్నానాల గదిలో పాడుకోవడానికి ఇబ్బంది లేకుండా, అధికారుల గొంతులకు మాత్రం ఈ నియమావళి వర్తించదని చివర్లో ఒక ముక్క కలుపుకున్నారు.

కంప్యూటర్ల వాళ్ళు ఏ దేశంలో ఉంటారో తెలియదు కనక వాళ్ళ జోలికి ఎవరూ పోలేదు. దొరికినవాళ్ళను పట్టుకున్నారు. గోదావరి జిల్లాలో ఒక హరిదాసు కథ చెబుతూ రావణాసురుడిలా నవ్వాడు. ఆ నవ్వు ఒక దివంగత నటుడి నవ్వును నూటికి ఎనభై పాళ్ళు పోలి ఉందని అతనికి నోటీసు వెళ్ళింది. ఫోనులో అచ్చం తండ్రిలా పలికే ఒక కొడుకు, తండ్రి దగ్గర అభ్యంతరం లేదని రాయించుకుని జేబులో పెట్టుకు తిరగవలసి వచ్చింది. ఆ తండ్రీకొడుకులకు చాలాకాలంగా మాటల్లేవు. ఆ కాగితం కోసం కొడుకు ఇంటికి వెళ్ళి బతిమాలుకున్నాడు. మండలి కృషివల్ల కుటుంబ బంధాలు బలపడుతున్నాయని వార్షిక నివేదికలో రాసుకున్నారు.

సరిగ్గా ఈ రోజుల్లోనే మజ్జి పుణ్యవతికి ఒక మంచి వేషం దొరికింది.

పుణ్యవతిది పార్వతీపురం అవతల పల్లె. సినిమాల్లోకి వచ్చి చాలా కాలమే అయింది. మొదట హీరోయిన్ స్నేహితురాలు, తర్వాత హీరోయిన్ వదిన, ఇప్పుడు హాస్టల్ వార్డెన్. ముఖం చూస్తే జనం ఎక్కడో చూశామనుకుంటారు గానీ పేరు తెలియదు. గొంతయితే అసలే తెలియదు. ఆమె మాటలో ఆ వైపు యాస ఉందని ప్రతి సినిమాలోనూ ఇంకెవరి చేతనో డబ్బింగు చెప్పించేవారు. తెరమీద పుణ్యవతి పెదవులు కదులుతుంటే ఆ పెదవుల్లోంచి విజయవాడ అమ్మాయి పలికేది. ఒకసారైతే బొంబాయి అమ్మాయి పలికింది. సొంత గొంతుతో తిట్టే భాగ్యం కూడా లేని వార్డెన్ ఆమె.

నిజానికి ఆమెకున్నదల్లా గొంతే. ఎవరి గొంతు విన్నా అది ఆమె నాలుక కింద చేరిపోయేది. షూటింగులో భోజనాల వేళ పాతకాలపు గాయని వైజయంతమ్మలా ముక్కుతో రాగం తీసిందంటే, లైట్లు మోసే కుర్రాళ్ళు కలిపిన ముద్ద నోట్లో పెట్టుకోవడం మరిచిపోయి వినేవారు. పట్టాభి అనే ఒకనాటి పెద్ద గాయకుడిలా మగగొంతు పెడితే, పక్క ఫ్లోరులో షూటింగు వాళ్ళు ఆయన ఇంకా బతికే ఉన్నాడా అని వచ్చి చూసిపోయేవారు.

అలా ఒక రోజు విన్నవాడు తోట నిరంజన్. కొత్త దర్శకుడు, ఇంకా సిగ్గూ శరమూ ఉన్నవాడు. తన సినిమాలో ఆమెకోసం ఒక సీను రాశాడు. పెళ్ళివారింట్లో కరెంటు పోతుంది. పాటల వాళ్ళు రాలేదు. పెళ్ళికూతురి పెద్దమ్మ, ఇన్నాళ్ళూ వంటింట్లో ఉన్న మనిషి, చీకట్లో పాట ఎత్తుకుంటుంది. ఒక్కో పాటకు ఒక్కో గొంతు. వైజయంతమ్మ వచ్చారా అంటారు, పట్టాభి వచ్చారా అంటారు. ఆఖర్న ఒక ముసలావిడ, "అవన్నీ సరేనే, నీ గొంతేదీ?" అని అడుగుతుంది. అప్పుడు పెద్దమ్మ నాలుగు వరసలు తన గొంతుతో పాడుతుంది. సీను అక్కడితో అయిపోతుంది.

"ఆ నాలుగు వరసల కోసమే సీనంతా రాశానక్కా," అన్నాడు నిరంజన్. "డబ్బింగు ఉండదు. ప్లేబ్యాక్ ఉండదు. మీ గొంతే."

"నా యాస పర్లేదా బాబూ?"

"ఆ యాసే కావాలక్కా."

పుణ్యవతి ఆ రాత్రి అన్నం తినలేదు. సంతోషానికి ఆకలి వెయ్యదని ఆమెకు అప్పుడే తెలిసింది. సీను ఒక్క టేకులో అయిపోయింది. యూనిట్టంతా లేచి నిలబడింది. ఇక మిగిలింది మండలి వారి ధ్రువపత్రం. అది లేకుండా ఏ పాటా తెర ఎక్కడానికి వీల్లేదు.

మొదటి విచారణ పెద్ద హాల్లో జరిగింది. ఎత్తైన వేదిక మీద చైర్మన్ గారు, ఇటూ అటూ సభ్యులు. కింద సభ్య కార్యదర్శి దండమూడి పానకాలరావు, మిషన్ పక్కన. సీనులో అనుకరించిన పాటల వరకు వేశారు. తెరమీద అక్షరాలు వచ్చాయి. వైజయంతమ్మ, తొంభై ఏడు పాళ్ళు. పట్టాభి, తొంభై ఆరు పాళ్ళు.

చైర్మన్ గారు ఒకసారి ఖళ్ళుమని గొంతు సవరించుకున్నారు. ఏ వాక్యమైనా ఆయన అలా సవరించుకున్నాకే మొదలుపెడతారు. "అనగా ఇది అనుకరణ కాదు. సాక్షాత్తు వైజయంతమ్మ గారే పాడినట్లు నిర్ధారణ అయినది. వారి సమ్మతి పత్రము జతపరచలేదేమి?"

"ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది సార్," అన్నాడు నిరంజన్.

"పోయినట్లు మిషన్ చెప్పుట లేదే."

పానకాలరావు వేదిక ఎక్కి, వంగి చైర్మన్ గారి చెవిలో ఏదో అన్నాడు. ఇది కంప్యూటరు చేసిన మోసం కాదని రుజువు కావాలి కాబట్టి, ఆమెను ఇక్కడే పాడి చూపించమన్నారు. పుణ్యవతి పాడింది. వైజయంతమ్మ పాట వింటూ ఒక సభ్యుడు కళ్ళు తుడుచుకున్నాడు. ఇంకో సభ్యుడు పట్టాభిని రెండోసారి అడిగాడు. విచారణ నిమిత్తమేనని చెబుతూ పానకాలరావు తన పెళ్ళినాటి పాటొకటి అడిగి పాడించుకున్నాడు. టీలు వచ్చాయి. అందరూ చాలా సంతోషించారు. ఆ సంతోషంలోనే, ఇంత బాగా పాడటం తీవ్రమైన ఉల్లంఘన కిందికి వస్తుందని ఏకగ్రీవంగా తీర్మానించారు.

"అనుకరణ అనగా అరవై పాళ్ళు మించరాదు," అని చైర్మన్ గారు వివరించారు. "అరవై లోపు కళ. అరవై దాటిన యెడల దొంగతనము. మీ కళను తగు మోతాదుకు తగ్గించుకొని రావలెను."

పుణ్యవతి ఇంటికొచ్చి పాడుచెయ్యడం సాధన మొదలుపెట్టింది. చిన్నప్పటి నుంచి బాగా పాడటమే నేర్చుకున్న మనిషికి అది అంత సులువుగా పట్టుబడలేదు. వైజయంతమ్మ ముక్కును కొంచెం తగ్గించింది. పట్టాభి గాంభీర్యంలో కాస్త జలుబు కలిపింది. ఒకచోట శ్రుతి తప్పించబోతే మనసొప్పక మళ్ళీ శ్రుతిలోకే వచ్చి పడింది. అలా తప్పు చెయ్యలేకపోయినందుకు తన మీద తనే విసుక్కుంది. పక్కింటావిడ తలుపు కొట్టి, "ఏమ్మా, ఒంట్లో బాగాలేదా?" అని అడిగి వెళ్ళింది. అప్పుడు గానీ ఆమెకు ధైర్యం రాలేదు.

రెండో విచారణలో ఆ కొత్త పాటలు వినిపించారు. వైజయంతమ్మ యాభై ఎనిమిది. పట్టాభి యాభై తొమ్మిది. చైర్మన్ గారి ముఖం వికసించింది.

"చక్కగా పాడుచేసినారు. ఈ స్థాయిని నిలుపుకొనవలెను," అన్నారు.

"ఇంక ఆఖరి నాలుగు వరసలున్నాయి సార్," అన్నాడు పానకాలరావు. "అవి ఆవిడ సొంత గొంతేనట. ఊరికే లాంఛనానికి."

లాంఛనానికి వేశారు. పుణ్యవతి సొంత గొంతు హాల్లో మెల్లగా పరుచుకుంది. తెరమీద అక్షరాలు వెలిగాయి. మందాకిని, తొంభై తొమ్మిది పాళ్ళు.

గానతరంగిణి మందాకిని అంటే తెలుగునాట చెవులున్న ప్రతివాడికీ తెలుసు. మూడు తరాల హీరోయిన్లకు పాడిన మనిషి. ఇన్ని గొంతులు చేసిన పుణ్యవతి ఆ ఒక్క గొంతూ ఎన్నడూ ముట్టుకోలేదు. అందుకే ముందు ఆమెకూ ఏమీ అర్థం కాలేదు. కాసేపటికి అర్థమైంది. అర్థమయ్యాక కుర్చీలో కూర్చుండిపోయింది.

మన సినిమాల్లో ఒక పద్ధతుంది. పెద్ద గాయని తీరిక చేసుకుని వచ్చేదాకా పాట ఆగదు. షూటింగు వాళ్ళకు డాన్సు వెయ్యడానికి ఏదో ఒక పాట కావాలి. అందుకని ముందు ఎవరో చిన్న గొంతు చేత పాడించి పెట్టుకుంటారు. దాన్ని ట్రాకు అంటారు. పెద్దావిడ వచ్చి పాడాక ట్రాకు చెరిపేస్తారు. వేషాలు లేని రోజుల్లో పుణ్యవతి బతుకు ట్రాకులతోనే గడిచింది. తను పాడటం, తన మీద ఇంకొకరు పాడటం ఆమెకు అలవాటైపోయిన సంగతే.

ఒక పాట మాత్రం చెరపలేదు. అది పడవ మీద పాట. మందాకిని గారు విదేశాల్లో కచేరీలకు వెళ్ళారు, విడుదల తేదీ ముంచుకొచ్చింది, ట్రాకే ఉంచేసి పేరు మాత్రం ఆవిడది వేసేశారు. ఆ పాట ఊరూవాడా మోగింది. మందాకిని గారి గొంతులో మునుపెన్నడూ లేని మట్టివాసన వచ్చిందని పత్రికలు రాశాయి. పెద్ద అవార్డు వచ్చింది. ఈ పాట పాడుతూ నాకు కన్నీళ్ళు ఆగలేదని ఆవిడ సభలో చెప్పుకున్నారు. పుణ్యవతి ఆ సభను టీవీలో చూసింది. ఎవరితో చెప్పుకునేది, అని ఊరుకుంది. ఇండస్ట్రీలో నోరు విప్పిన ట్రాకు గొంతును రెండోసారి పిలవరు.

మండలికి గొంతు నమోదు చేయించుకోవడానికి వచ్చినప్పుడు, బాగా పేరు తెచ్చిన పాట ఇమ్మంటే మందాకిని గారు ఆ పడవ పాటే ఇచ్చారు. అలా పుణ్యవతి గొంతుకు మందాకిని బిళ్ళ పడింది.

"అది నా గొంతండి," అంది పుణ్యవతి లేచి నిలబడి. "నాకు ఇంకో గొంతు నేదండి."

"మిషన్ అట్లు చెప్పుట లేదు," అన్నారు చైర్మన్ గారు. "తదుపరి విచారణకు మందాకిని గారిని సాక్షిగా పిలువవలెను."

బయటికొచ్చాక నిరంజన్ మెట్ల మీద ఆగాడు. తర్వాత నేలచూపులు చూస్తూ అన్నాడు. "అక్కా, ఆ నాలుగు వరసలు తీసేస్తే మిగతాది పాసైపోతుంది. మిమిక్రీ అంతా ఉంటుంది. జనం చప్పట్లు కొడతారు. మీకు పేరొస్తుంది."

"ఎవలి పేరు బాబూ? వైజయంతమ్మ గారి పేరా, పట్టాభి గారి పేరా?"

అతను మెట్టు మీద కూర్చున్నాడు.

"ఇన్నాళ్ళూ నా మూతికి ఎవలెవలివో గొంతులు అతికినారు. నా గొంతుకి ఇంకోరి పేరు అతికినారు. ఒక్కసారి నా మూతీ నా గొంతూ ఒక్కచోట కనపడాల. అంతే నానడిగింది. అది తీసేస్తే ఆ సీను నాకెందుకు?"

ఆమెకు ఆ మాటలు అంటుంటే ఏడుపొచ్చింది. నిరంజన్ ఇంకెప్పుడూ ఆ సలహా ఎత్తలేదు.

మూడో విచారణ నాటికి మండలి మరికొంత ముందుకు పోయింది. సమావేశాల్లో ఎవరేమన్నారో రాసే స్టెనో సెలవు పెట్టడంతో, ఆ పని కూడా మిషన్‌కే అప్పగించారు. గొంతును బట్టి పేరు వేసి, మాట పక్కన రాసేస్తుంది. అది రాసిందే మినిట్సు. చైర్మన్ గారి పేరు పక్కన అది రాసిందే ఉత్తర్వు. పనికోసమని అధికారుల గొంతులు కూడా దానికి పరిచయం చేశారు.

మందాకిని గారు పట్టుచీరలో, వెనక మేనేజరుతో వచ్చారు. సభ్యులంతా లేచి నమస్కారాలు పెట్టారు. ఆవిడ చిరునవ్వుతో చేతులు జోడించారు గానీ మాట్లాడలేదు.

"అమ్మగారు కార్తీకమాసం మౌనవ్రతంలో ఉన్నారండి," అన్నాడు మేనేజరు. "అడగదలుచుకున్నవి అడగండి. తల ఊపుతారు."

గొంతు గురించి గొంతు వాడకుండా సాక్ష్యం చెప్పడం ఎక్కడైనా జరిగిందో లేదో తెలియదు గానీ, చైర్మన్ గారు ఆ నిష్ఠకు ముగ్ధులైపోయారు. పడవ పాట వేసి, "ఇది తమ కంఠమేనా?" అని అడిగారు. మందాకిని గారు ఒక్క క్షణం పుణ్యవతి వైపు చూశారు. తర్వాత చైర్మన్ గారి వైపు తిరిగి తల ఊపారు.

పుణ్యవతి ఆగలేకపోయింది. "ఆ పాట నానే పాడానండి. ఆవిడ్ని ఒక్క వరస పాడమనండి. మీకే తెలస్తాది."

తెరమీద అక్షరాలు పరిగెత్తాయి. మందాకిని: ఆ పాట నానే పాడానండి.

"చూచితిరి కదా," అన్నారు చైర్మన్ గారు తెర చూపిస్తూ. "ఆ పాట తామే పాడినట్లు మందాకిని గారు స్వయముగా వాంగ్మూలమిచ్చినట్లు నమోదైనది."

"అది ఆవిడ కాదండి, నానండి."

మందాకిని: అది ఆవిడ కాదండి, నానండి, అని రాసింది మిషన్. ఒక సభ్యుడు, ఇంత స్పష్టమైన సాక్ష్యం తన అనుభవంలో చూడలేదన్నాడు.

చైర్మన్ గారు గొంతు సవరించుకుని ఉత్తర్వు చెప్పారు. "శ్రీమతి పుణ్యవతి గారు తమ స్వకంఠముతో నిరభ్యంతరముగా పాడుకొనవచ్చును. అయితే ఆ పాట వారి స్వకంఠమును నూటికి అరవై పాళ్ళకు మించి పోలియుండరాదు."

హాల్లో ఎవరూ నవ్వలేదు. సభ్యులు తలలు పంకించారు. నిరంజన్ రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

"సహజ న్యాయము ప్రకారము పార్టీ వారు ఏమైనా చెప్పుకొనదలచిన యెడల చెప్పుకొనవచ్చును," అన్నారు చైర్మన్ గారు.

పుణ్యవతి నోరు తెరిచింది. పానకాలరావు గబగబా చెయ్యి అడ్డంపెట్టాడు.

"ఆగమ్మా, ఆగు. నువ్వు మాట్లాడే గొంతు మందాకిని గారి పేర ఉంది కదా. ఉత్తర్వు కూడా అయిపోయింది. ఇప్పుడు ఆ గొంతుతో మాట్లాడావంటే దానిమీద ఇంకో కేసవుతుంది. నీ మంచి కోరి చెబుతున్నా."

"మరే గొంతుతో మాటాడమంటారండి?"

"అదిగో, మళ్ళీ అదే గొంతు." పానకాలరావు నిజంగానే జాలిపడ్డాడు. చెడ్డవాడు కాదు, నియమావళి చదివినవాడు. పేజీలు తిప్పాడు. "నమోదు కాని గొంతు ఏదైనా వాడుకోవచ్చు. వైజయంతమ్మ గారిది కుదరదు. పట్టాభి గారిదీ కుదరదు. ఎవరిది వాడినా చిక్కే. ఈ నియమాలు వర్తించని గొంతులంటే, ఇదిగో, ఒక్క అధికారులవే."

ఈసారి పుణ్యవతికి ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది. తన గొంతు తీసుకున్న మనిషి ఎదురుగా కూర్చుని మౌనంగా చిరునవ్వు నవ్వుతోంది. తన గొంతును తనకు అరవై పాళ్ళు దానం చేసిన మనిషి పైన కూర్చుని గడియారం చూసుకుంటున్నాడు. ఆ మనిషి గొంతును ఆమె మూడు విచారణలుగా వింటూనే ఉంది. విన్న గొంతు ఎక్కడికి చేరుతుందో అక్కడికి అదీ ఎప్పుడో చేరిపోయింది.

ఆమె ముందు ఖళ్ళుమని సవరించుకుంది. సభ్యుల్లో సగం మంది చైర్మన్ గారి వైపు తిరిగారు.

"సదరు సన్నివేశమును మొదట చిత్రీకరించిన విధముగానే, కోత లేకుండ, యథాతథముగా అనుమతించడమైనది," అంది పుణ్యవతి. "స్వకంఠము మీద విధించిన పరిమితి రద్దు చేయడమైనది. ధ్రువపత్రము నేడే ఇవ్వవలెను. సభ ముగిసినది."

చైర్మన్: సభ ముగిసినది, అని మిషన్ రాయడం పూర్తిచేసింది. పక్కనే, తొంభై ఎనిమిది పాళ్ళు. ఆ చివరి మాట చెవిన పడగానే గుమ్మం దగ్గరి బంట్రోతు అలవాటుగా తలుపులు బార్లా తీసి గంట కొట్టాడు. ఇద్దరు సభ్యులు చెప్పుల్లో కాళ్ళు పెట్టేసుకున్నారు.

"నేను అనలేదు," అన్నారు చైర్మన్ గారు. ఉద్యోగంలో చేరాక ఆయన ఇంత మామూలు వాక్యం మాట్లాడటం అదే మొదటిసారి.

పానకాలరావు చేతులు నలుపుకున్నాడు. "అన్నారనే రాసిందండి సార్. సభ ముగిశాక ఉత్తర్వు మార్చడానికి వీల్లేదు."

"అది ఆమె అన్నది. మీరందరూ చూచితిరి కదా."

"చూశాం సార్. కానీ మనుషుల కళ్ళూ చెవులూ సాక్ష్యానికి పనికిరావని తమరే..."

"అయిన యెడల మిషన్ తప్పు," అని గట్టిగా అనేశారు చైర్మన్ గారు.

ఆ మాట బయటపడ్డాక సభ్యులు మనసులో లెక్కలు వేసుకున్నారు. మిషన్ తప్పయితే హరిదాసు నోటీసు తప్పు. తండ్రి దగ్గర రాయించుకున్న కాగితం తప్పు. మండలి తప్పు, మండలి కార్లు తప్పు. అన్నిటికంటే ముందు, పడవ పాట పాడింది ఎవరన్న సంగతి మళ్ళీ తిరగదోడాలి. ఈ చివరి సంగతి అందరికంటే ముందు తట్టింది మందాకిని గారికే. ఆవిడ ముఖంలో చిరునవ్వు పోయింది. కార్తీకమాసం కూడా పోయింది.

"పోనివ్వండి చైర్మన్ గారూ. మిషన్ ఎందుకు తప్పు చెబుతుంది? ఆ సీనేదో ఇచ్చి పంపించేయండి," అన్నారు ఆవిడ.

తెరమీద అక్షరాలు వచ్చాయి. గుర్తు తెలియని స్త్రీ: పోనివ్వండి చైర్మన్ గారూ.

హాల్లో ప్రతి ఒక్కరూ ఆ అక్షరాలు చదివారు. చదివి ఒకరు కిటికీ వైపు, ఒకరు తమ గోళ్ళ వైపు చూసుకున్నారు. మేనేజరు వెళ్ళి తెరకు అడ్డంగా నిలబడ్డాడు. పానకాలరావు లేచి మిషన్ స్విచ్చి కట్టేసి, వోల్టేజీ సరిగ్గా లేదని చెప్పాడు. ధ్రువపత్రం టైపయి, చైర్మన్ గారి సంతకమూ పడింది. సంతకం ఆయనదే. ఆ రోజు ఆ హాల్లో ఎవరిది వాళ్ళదిగా మిగిలింది అదొక్కటే.

సినిమా విడుదలైంది. మొదటి రోజు ఉదయం ఆటకు పుణ్యవతి చున్నీ తలమీదుగా కప్పుకుని, హాల్లో మధ్య వరసలో ఒక్కతే కూర్చుంది. పెళ్ళివారింటి సీను వచ్చింది. కరెంటు పోయింది. వైజయంతమ్మ పాడితే జనం ఈలలు వేశారు. పట్టాభి పాడితే లేచి నిలబడ్డారు. తర్వాత ముసలావిడ నీ గొంతేదని అడిగింది. తెరమీద పుణ్యవతి ముఖం దగ్గరగా వచ్చింది. పెదవులు విడివడ్డాయి. ఆ పెదవుల్లోంచి, ఇన్నేళ్ళకు, ఆ గొంతే వచ్చింది. పుణ్యవతి కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుని, ఊపిరి బిగబట్టి విన్నది. కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నా తుడుచుకోలేదు. నాలుగు వరసలూ కోత లేకుండా ఉన్నాయి.

వెనక వరసలో మొగుడూ పెళ్ళాలెవరో కూర్చున్నారు.

"ఇప్పుడు చేసింది ఎవరి గొంతో పట్టావా?" అన్నాడు మొగుడు. "మందాకినిది. ఆ పడవ పాట గుర్తులేదూ? అచ్చుగుద్దినట్టు దించేసింది."

"దించింది గానీ, ఆవిడలా ఎక్కడొస్తుందండీ," అంది పెళ్ళాం. "అనుకరణ అనుకరణే."

పుణ్యవతి వెనక్కి తిరిగి, ఆ గొంతు నాదేనమ్మా అని చెబుదామనుకుంది. నోరు విప్పితే వాళ్ళు మళ్ళీ మందాకినిని బాగా దించావనే మెచ్చుకుంటారని తోచి, ముందుకు తిరిగి సినిమా చూస్తూ కూర్చుంది.